వంకల లెక్క: తిరుమణి సీమలో పెన్నా పునరుద్ధరణ చరిత్ర

వాగులనూ వంకలనూ పునరుద్ధరించడమంటే తెగిపోయిన నీటి దారిని మళ్ళీ కలపడం. వాన పడిన గట్టు మీది నుంచి కుంటకు, కుంట నుంచి చెరువుకు, చెరువు మరువ నుంచి వంకకు, వంక నుంచి నదికి నీరు దిగివచ్చే దారి అది. నేలలోకి ఇంకి, వేసవిలో ఊటగా పైకి వచ్చే దారి కూడా అందులో భాగమే. ఈ పనికి ప్రభుత్వాలు పెట్టిన ఖర్చు ఫలించిందో లేదో తేల్చే విచారణను మదింపు అంటారు. దక్షిణాదిలో పనికీ, మదింపుకూ పొడవైన చరిత్ర ఉంది. ఆ చరిత్రలోని మలుపులు చాలావరకు కనిపించే సీమల్లో కర్ణాటకలోని తుమకూరు జిల్లా పావగడ తాలూకా ఒకటి. తిరుమణి ఆ తాలూకాలోని ఊరు.

పావగడ తాలూకాలో పాలన కన్నడంలో సాగుతుంది, ఇళ్ళలో తెలుగు వినిపిస్తుంది. దాని చుట్టూ మూడు వైపులా ఆంధ్రప్రదేశ్ నేలే. ఏటా సగటున 500 నుంచి 600 మిల్లీమీటర్ల వాన పడే మెట్టసీమ ఇది. వేరుశనగ ఇక్కడి ప్రధానమైన పంట. చిక్కబళ్ళాపురం జిల్లాలోని నంది కొండల దగ్గర పుట్టిన ఉత్తర పినాకిని గౌరిబిదనూరు మీదుగా హిందూపురం ప్రాంతానికి చేరి, నాగలమడికె దగ్గర మళ్ళీ పావగడ తాలూకాను కొంతమేర తాకి, పేరూరు వైపు సాగిపోతుంది. తెలుగువారు పెన్న అని పిలిచే నది ఇదే. అంత్య సుబ్రహ్మణ్య క్షేత్రంగా పేరుపొందిన నాగలమడికె దీని ఒడ్డునే ఉంది. దేవరాయనదుర్గ కొండల్లో పుట్టిన జయమంగళి కొరటగెరె, మధుగిరి తాలూకాలు దాటి వచ్చి ఈ నదిలోనే కలుస్తుంది. పెన్న మొత్తం పొడవు 597 కిలోమీటర్లు, పరీవాహక ప్రాంతం 55,213 చదరపు కిలోమీటర్లు. అందులో కర్ణాటక వాటా 6,937 చదరపు కిలోమీటర్లు, అంటే ఎనిమిదో వంతు. విస్తీర్ణంలో చిన్నదైనా ఆ ఎనిమిదో వంతే నదికి తల. తలలో జరిగే ప్రతి మార్పూ కింది ఒడ్డుకు తెలుస్తుంది.

రాతి మీద రాసిన కొలతలు

ఈ సీమలో నీటిపనుల గుణదోషాలను లెక్కగట్టే పద్ధతి ఆధునిక ప్రభుత్వాలతో మొదలు కాలేదు. కడప జిల్లా పోరుమామిళ్ళలో 1369 నాటి సంస్కృత శాసనం ఒకటి ఉంది. విజయనగర రాజకుమారుడు భాస్కర భవదూరుడు అక్కడి చెరువు కట్టించిన సందర్భంలో వేయించినది. రెండేళ్ళపాటు రోజుకు వెయ్యి మంది కూలీలు, వంద బళ్ళు పనిచేశాయని అందులో ఉంది. శాసనం అక్కడితో ఆగలేదు. మంచి చెరువుకు కావలసిన 12 అంగాలనూ, చెరువును చెరిచే 6 దోషాలనూ వరుసగా చెప్పింది. నీటిశాస్త్రం తెలిసిన మనిషి, గట్టినేల, దూరం నుంచి వచ్చే మంచినీటి ఏరు, రెండు కొండల నడుమ బిగువైన రాతికట్ట, లోతూ వెడల్పూ ఉన్న గర్భం, కింద సారవంతమైన పొలం, పని తెలిసిన కూలీలు మొదలైనవి అంగాలు. కట్ట నుంచి నీరు కారడం, చవిటి నేల, చెరువు నడుమ మిట్ట, తక్కువ నీటికి ఎక్కువ ఆయకట్టు మొదలైనవి దోషాలు. రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండటం కూడా ఆ దోషాల్లో ఒకటి. పావగడ సీమ చరిత్రను చదివేటప్పుడు ఈ చివరి దోషాన్ని గుర్తుంచుకోవాలి.

పెన్న ఎగువన మరో శాసనం 1388 నాటిది. గౌరిబిదనూరు ప్రాంతంలో దొరికిన ఈ శాసనం ప్రకారం, పెనుకొండ నుంచి పాలిస్తున్న ప్రతాప బుక్కరాయలు హెన్నె నదిని పెనుకొండకు తేవాలని ఆజ్ఞాపించాడు. హెన్నె అంటే నేటి పెన్నే. సింగాయ భట్టు అనే నీటిపనుల నిపుణుడు కాలువ తవ్వించి నీటిని సిరువెర చెరువుకు చేర్చాడు. జనానికి నీరు ముఖ్యమన్న మాట శాసనంలోనే ఉంది. నదిని దారి మళ్ళించి ఊళ్ళను నిలబెట్టే ప్రయత్నం ఇక్కడ ఆరు వందల ఏళ్ళకు పైగా సాగుతూ ఉందనడానికి ఇది ఆధారం.

పెద్ద చెరువులకన్నా లోతైన అవగాహన చిన్న పనుల్లో కనిపిస్తుంది. ఏటి ఇసుకలో ఊట పుట్టే చోటు చూసి, అక్కడ గుంత తీసి, సన్నని కాలువతో పొలానికి నీరు పారించే పద్ధతి పావగడ, మధుగిరి, కొరటగెరె, శిర తాలూకాల్లో విస్తారంగా ఉండేది. మైసూరు గెజిటీర్లు తలపరిగెలని నమోదు చేసినవి ఇవే. సరిహద్దుకు అవతల అనంతపురం సీమలో వాటిని ఊటకాలువలన్నారు. ఏటా ఇసుక పూడిపోయే కాలువను రైతులందరూ కలిసి తోడుకోవాలి. ఎగువన ఎంత ఇంకితే దిగువన అంత ఊరుతుంది. అందువల్ల తలపరిగె ఒక సాగు సాధనమే కాక, నది ఆరోగ్యాన్ని చూపే కొలబద్ద కూడా. ఊట ఎంత కాలం పారిందో, ఏ నెలలో ఆగిందో రైతుకు తెలిసేది. తర్వాతి కాలపు మదింపుల్లో ఎక్కువసార్లు లోపించింది సరిగ్గా ఈ కొలతే.

నిర్వహణకు కూడా ఏర్పాటు ఉండేది. తూము తెరిచి మూసి, మళ్ళకు వంతుల ప్రకారం నీరు వదిలే నీరుగంటికి పంటలో వాటా దక్కేది. చెరువు కట్టించి బాగు చేస్తూ వచ్చిన వారికి దశబంధం ఇనాములు ఇచ్చేవారు. అనంతపురం, కడప, కర్నూలు సీమల్లో ఇవి ప్రసిద్ధం. మైసూరు వైపు ఇటువంటివే కట్టుకొడగెలు. ఇనాము నిలవాలంటే చెరువు నిలవాలి. మదింపు అంటూ వేరే కాగితం లేకపోయినా, ఫలితానికీ ప్రతిఫలానికీ ముడి గట్టిగా ఉండేది.

సరిహద్దు గీసిన తర్వాత

1799లో టిప్పు సుల్తాన్ మరణం తర్వాత పావగడ మైసూరు ఒడెయర్ల రాజ్యంలో నిలిచింది. 1800లో నిజాం అప్పగించిన అనంతపురం, బళ్ళారి, కడప ప్రాంతాలు దత్తమండలాలుగా ఇంగ్లీషు కంపెనీ చేతికి వెళ్ళాయి. దాంతో ఒకే నది రెండు పాలనల మధ్య పలుమార్లు అటూ ఇటూ దాటవలసి వచ్చింది. పోరుమామిళ్ళ శాసనం చెప్పిన సరిహద్దు దోషం ఈసారి ఒక్క చెరువుకు కాక నది అంతటికీ పట్టింది.

మైసూరు ప్రధాన ఇంజనీరు సాంకీ 1866లో ఆ రాజ్యపు చెరువుల గురించి రాసిన నివేదిక, ఈ ప్రాంతపు నీటి వ్యవస్థ మీద తొలి ఆధునిక మదింపుల్లో ఒకటి. రాజ్యం విస్తీర్ణంలో దాదాపు 60 శాతం అప్పటికే చెరువుల గొలుసుల కిందికి వచ్చిందనీ, కొత్త చెరువుకు అనువైన చోటు వెతకడమే కష్టమనీ ఆయన తేల్చాడు. ఒక చెరువు మరువ నీరు కింది చెరువుకు పోయే గొలుసు కాబట్టి, పైన ఒక కట్ట తెగితే కింద వరసగా కట్టలు తెగుతాయి. పైన కొత్త కట్ట లేస్తే కింద వరసగా చెరువులు ఎండుతాయి. గొలుసు మొత్తాన్ని ఒకటిగా చూడాలన్న ఈ గ్రహింపు తర్వాతి పథకాల్లో పదేపదే మరుపున పడింది.

1876–78 నాటి మహాక్షామం మైసూరు రాజ్యంలో సుమారు ఐదో వంతు జనాన్ని పొట్టన పెట్టుకుంది. దత్తమండలాలు కూడా అదే స్థాయిలో నలిగిపోయాయి. ఆ దెబ్బ తర్వాత చెరువుల మరమ్మతు ప్రభుత్వ బాధ్యతగా స్థిరపడింది. మద్రాసు ప్రెసిడెన్సీ 1883లో చెరువుల పునరుద్ధరణ పథకం మొదలుపెట్టింది. ఒక్కొక్క పరీవాహకాన్ని కొలిచి, చెరువు సామర్థ్యం, ఆయకట్టు, మరువ మట్టం నమోదు చేసిన తర్వాతే మరమ్మతు చేపట్టాలన్నది దాని పద్ధతి. పనికి ముందు ఉన్న స్థితిని రాసిపెట్టుకోవడం మదింపుకు మొదటి మెట్టు. ఆ మెట్టు వేసిన ఘనత ఈ పథకానిది.

మైసూరులో చెరువులు బాగవుతున్న కొద్దీ దిగువన మద్రాసుకు వచ్చే నీరు తగ్గుతుందన్న ఫిర్యాదు పెరిగింది. 1892 ఫిబ్రవరి 18న మద్రాసు, మైసూరు ప్రభుత్వాలు ఒప్పందం చేసుకున్నాయి. అందులో పేర్కొన్న 15 ప్రధాన నదుల్లో తుంగభద్ర, వేదవతి, చిత్రావతి, పాపాఘ్ని, పాలారులతో పాటు ఉత్తర పినాకిని కూడా ఉంది. నిర్దేశించిన హద్దుల్లో కొత్త నీటిపారుదల పని చేపట్టాలంటే మైసూరు ముందుగా మద్రాసు సమ్మతి పొందాలి. ఒక ఊరి చెరువు మరమ్మతును కింది రాజ్యం కళ్ళతో కూడా చూడాలని చెప్పిన పత్రం ఇది. దక్షిణ పినాకిని మీద తమిళనాడు, కర్ణాటకల నడుమ మన కాలంలో సాగిన వ్యాజ్యంలోనూ ఈ ఒప్పందం చర్చకు వచ్చింది.

1911లో మైసూరు ప్రభుత్వం చెరువు పంచాయతీల చట్టం చేసి, నిర్వహణలో రైతులకు చోటు కల్పించింది. అయితే పాత ఇనాములు సన్నగిల్లి, రెవెన్యూ, ఇంజనీరింగు శాఖల చేయి బలపడుతున్న కాలం అది. పంచాయతీకి బాధ్యత వచ్చినంతగా వనరు రాలేదు.

ఆనకట్టలు, బోర్లు

స్వాతంత్ర్యం తర్వాత ప్రభుత్వాల దృష్టి చెరువు నుంచి ఆనకట్టకు మారింది. పావగడ సరిహద్దు దాటగానే పేరూరు దగ్గర 1950ల్లో ఎగువ పెన్నా ప్రాజెక్టు కట్టారు. సుమారు 10,000 ఎకరాలకు నీరివ్వాలన్నది లక్ష్యం. జలాశయం నిండిన ఏళ్ళకన్నా ఎండిన ఏళ్ళే ఎక్కువ. ఇంకా దిగువనున్న మధ్య పెన్నా జలాశయానికి తుంగభద్ర ఎగువ కాలువ నుంచి నీరు తెచ్చి పోయవలసి వచ్చింది. పెన్న నీటితోనే పెన్న ఆనకట్టలు నిండవన్న సంగతి అలా తేలిపోయింది.

నేల కింద జరిగిన మార్పు ఇంకా పెద్దది. కపిలతో తోడే రోజుల్లో బావి నీటిని తీసే వేగానికి ఎద్దుల సత్తువే హద్దుగా ఉండేది. కరెంటు మోటారు ఆ హద్దును తుడిచేసింది. 1970ల తర్వాత రిగ్గులు వచ్చి గ్రానైటు రాతి పగుళ్ళలోకి బోర్లు దిగాయి. బావులు ఎండాయి, బోర్లు లోతు పెంచుకున్నాయి. లోతు పెరిగినకొద్దీ ఫ్లోరైడు పైకి వచ్చింది. పావగడ తాలూకాలో పళ్ళు గారపట్టడం, ఎముకలు వంగిపోవడం ప్రజారోగ్య సమస్యగా మారాయి. ఏటి గర్భంలోని ఇసుక ఊళ్ళూ పట్టణాలూ కట్టడానికి తరలిపోయింది. ఇసుక పోతే నీటిని పట్టి ఉంచే దూది పోయినట్టే. తలపరిగెలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. వంక ఎండిపోవడానికి వాన తగ్గడం ఒక్కటే కారణం కాదని ఈ వరుస చూస్తే అర్థమవుతుంది: నేల కింది నీటిమట్టం ఏటి గర్భం కన్నా కిందికి దిగిన రోజు, ఊటతో బతికే వంక వరద వచ్చినప్పుడు మాత్రమే పారే వంకగా మారుతుంది. 2002లో నంజుండప్ప కమిటీ ప్రాంతీయ అసమానతల మీద ఇచ్చిన నివేదిక పావగడను అత్యంత వెనుకబడిన తాలూకాల్లో చేర్చింది.

వాటర్‌షెడ్ల కాలం

1973–74లో కేంద్రం కరువు పీడిత ప్రాంతాల పథకం ప్రారంభించింది. 1977–78లో ఎడారి అభివృద్ధి పథకం వచ్చింది. ఇరవై ఏళ్ళ తర్వాత వీటి ఫలితాన్ని పరిశీలించే బాధ్యత ఆర్థికవేత్త సి.హెచ్. హనుమంతరావు అధ్యక్షతన ఏర్పడిన కమిటీ తీసుకుంది. 1994 నాటి ఆ నివేదిక శాఖలవారీగా చెల్లాచెదురుగా జరిగిన పనులు ఆశించిన ఫలితం ఇవ్వలేదని తేల్చింది. సుమారు 500 హెక్టార్ల నీటిపరీవాహకాన్ని ఒక యూనిట్‌గా తీసుకోవాలనీ, ఊరి సంఘాలే పనిని నడపాలనీ సూచించింది. 1995 ఏప్రిల్ 1 నుంచి అమలైన కొత్త మార్గదర్శకాలకు మూలం ఇదే. ఒక మదింపు ఒక దేశపు విధానాన్ని మార్చిన సందర్భాల్లో ఇది ముఖ్యమైనది.

ఆ తర్వాత పథకాలు వరుసగా వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2000లో నీరు-మీరు మొదలైంది. కర్ణాటకలో ప్రపంచ బ్యాంకు సాయంతో 2001లో సుజల వాటర్‌షెడ్ ప్రాజెక్టు కోలారు, తుమకూరు, చిత్రదుర్గ, ధారవాడ, హావేరి జిల్లాల్లో మొదలైంది. మరుసటి ఏడు జల సంవర్ధన యోజన సంఘం ద్వారా చెరువుల నిర్వహణను ఊరి సంఘాలకు అప్పగించే ప్రాజెక్టు వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2007లో అదే తీరున 3,000 చెరువుల ప్రాజెక్టు ప్రారంభమైంది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఆరంభమైన ఉపాధి హామీ పథకం ఊటకుంటలు, కందకాలు, పూడికతీతలకు దేశమంతటా కూలి డబ్బు సమకూర్చింది. 2015లో ఆంధ్రప్రదేశ్‌లో నీరు-చెట్టు వచ్చింది. అదే ఏడు మార్చి 12న తెలంగాణలో 46,531 చెరువుల లక్ష్యంతో మిషన్ కాకతీయ మొదలైంది.

ఈ పథకాల విజయాన్ని ఎక్కువగా లెక్కించిన తీరు ఒకటే: ఎన్ని చెక్‌డ్యాములు, ఎన్ని క్యూబిక్ మీటర్ల పూడిక, ఎన్ని పనిదినాలు, ఎంత ఖర్చు. ఇవి జరిగిన పనికి లెక్కలు. వచ్చిన ఫలితానికి లెక్కలు కావు. ఈ తేడాను పట్టించుకున్న వాటిలో సుజలకు ప్రత్యేక స్థానం ఉంది. ఇస్రో వాణిజ్య విభాగమైన యాంట్రిక్స్ సంస్థకు మొదటి నుంచే పర్యవేక్షణ, మదింపు బాధ్యత అప్పగించారు. పనికి ముందు స్థితిని నమోదు చేయడం, పని సాగుతున్నప్పుడే ఉపగ్రహ చిత్రాలతో పచ్చదనాన్నీ పంటల విస్తీర్ణాన్నీ చూడటం, పథకం లేని ఊళ్ళతో పోల్చడం అందులో భాగాలు. పంట, రాబడి, బావుల మట్టం వంటివి మెరుగైనట్టు ఆ పరిశీలనలు చూపాయి. వంకలో దిగువకు పారే నీటికి మాత్రం ఆ మదింపులో అంత పెద్ద చోటు దక్కలేదు. నేలను బాగుచేయడం ఆ పథకం ధ్యేయం. నది దాని చట్రంలో లేదు.

నీటి ఆడిట్లు చెప్పింది

పావగడకు దగ్గరి కళ్యాణదుర్గంలోనూ, కర్నూలు జిల్లా డోన్‌లోనూ 2002–03 ప్రాంతంలో ఆంధ్రప్రదేశ్ గ్రామీణ జీవనోపాధుల ప్రాజెక్టు కింద నీటి ఆడిట్లు జరిగాయి. చార్లెస్ బాచిలర్, రామమోహనరావు, మనోహరరావు అనే నిపుణులు ఈ ఆడిట్లనూ, కర్ణాటకలో జరిగిన ఇటువంటి పరిశీలనలనూ కలిపి 2003లో ఒక వ్యాసం ప్రకటించారు. వారు కుండబద్దలు కొట్టి చెప్పినది ఇది: ఎగువన విస్తారంగా వెలిసిన నీటి నిల్వ పనులు, బోర్ల తోడకం కలిసి దిగువ చెరువులకు చేరే నీటిని తగ్గించాయి. చెక్‌డ్యాము దగ్గర ఇంకిన నీటిని పక్కనే కొత్త బోరు తోడేస్తే, మొత్తం మీద ఆదా అయింది ఏమీ లేదు. నీరు ఒకరి నుంచి ఒకరికి చేతులు మారింది. మారిన ఆ చేతుల్లో బోరు వేయగల స్తోమత ఉన్నవారి చేతులే ఎక్కువ. చెరువు నీటి మీద బతికే చిన్న రైతు, బట్టలుతికేవారు, చేపలు పట్టేవారు, పశువులు నష్టపోయే వైపు నిలిచారు.

ఇదే సంగతిని మరో నది మీద బెంగళూరులోని అట్రీ సంస్థ పరిశోధకులు పరిశీలించారు. అర్కావతి ఎందుకు ఎండిందన్న ప్రశ్నకు 2015లో వారు ప్రకటించిన జవాబు స్పష్టమైనది. వాన తగ్గలేదు, వేడి పెరగడం వల్ల ఇంత తేడా రాదు. భూగర్భజలాలను తోడేయడం, నీలగిరి తోటలు, వంకలకు అడ్డంగా లేచిన కట్టడాలు ప్రధాన కారణాలు. కారణం తెలియకుండా మందు వేస్తే జబ్బు ముదురుతుంది: ఎండిన వంకకు మరో చెక్‌డ్యాము కట్టడం కొన్నిచోట్ల అటువంటి మందే అయింది. మహారాష్ట్రలో 2014లో మొదలైన జలయుక్త శివార్ మీద 2020లో కాగ్ ఇచ్చిన నివేదిక కూడా, 9,600 కోట్లకు పైగా ఖర్చయినా భూగర్భజలాల పెంపులో ప్రభావం కొద్దిగానే ఉందని చెప్పింది.

ఈ లోపం మన దేశానికే పరిమితం కాదు. అమెరికాలో 37,000కు పైగా నదీ పునరుద్ధరణ పనుల వివరాలను సేకరించిన పరిశోధకులు, వాటిలో పర్యవేక్షణో మదింపో జరిగినట్టు నమోదైనవి 10 శాతమేనని 2005లో ప్రకటించారు. దీనికి భిన్నమైన ఉదాహరణ ఫ్లోరిడాలోని కిస్సిమ్మీ నది. 1960ల్లో తిన్నని కాలువగా మార్చిన ఆ నదిని 1999 నుంచి తిరిగి వంపుల దారి పట్టించారు. పని మొదలుకాక ముందే పక్షులు, చేపలు, నీటిలోని ప్రాణవాయువు లెక్క రాసుకున్నారు. ఏమి మారిందో చెప్పగలగడానికి ఆ ముందు లెక్కే ఆధారమైంది.

రైతులే కొలిచినప్పుడు

మదింపు నిపుణులకే వదిలేయవలసిన పని కాదని నిరూపించిన ప్రయత్నం కూడా పెన్నా సీమలోనే జరిగింది. 2003 నుంచి 2009 వరకు ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ద్వారా నెదర్లాండ్స్ సాయంతో ఆంధ్రప్రదేశ్ రైతుల భూగర్భజల నిర్వహణ ప్రాజెక్టు నడిచింది. అనంతపురం, కడప, కర్నూలు, చిత్తూరు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లోని 638 ఆవాసాల్లో రైతులు స్వయంగా వాన కొలిచారు, బావుల మట్టం చూశారు, మోటారు పారకం లెక్కించారు. రబీకి ముందు అందరూ కూర్చుని, ఎంత నీరుంది, ఏ పంటకు ఎంత పడుతుంది అని ఊరి నీటి బడ్జెట్ వేశారు. ఎవరినీ బలవంతపెట్టలేదు, ఆంక్షలు పెట్టలేదు. అయినా చాలాచోట్ల వరి తగ్గి ఆరుతడి పంటలు పెరిగాయి. 2010లో ప్రపంచ బ్యాంకు ప్రచురించిన నివేదిక ఈ ప్రయత్నాన్ని ప్రత్యేకంగా ప్రస్తావించింది. తలపరిగె ఊటను చూసి సాగు నిర్ణయించిన పాత రైతు తెలివి, కొలపట్టీ పట్టుకుని తిరిగి వచ్చిన సందర్భం ఇది. ప్రాజెక్టు ముగిసిన తర్వాత కొలతలు కొనసాగించడం కష్టమైంది. కొలతకు నిరంతర ఆదరువు కావాలన్నది ఆ అనుభవం నేర్పిన రెండో పాఠం.

2019 డిసెంబరు 25న ప్రారంభమైన అటల్ భూజల్ యోజన కర్ణాటకతో సహా 7 రాష్ట్రాల్లో ఈ దారినే ఎంచుకుంది. 6,000 కోట్ల రూపాయల ఈ పథకంలో కట్టడానికి కాక ఫలితానికి డబ్బు విడుదలయ్యే ఏర్పాటు చేశారు: నీటి బడ్జెట్ వేసినందుకు, మట్టం పడిపోవడం తగ్గినందుకు రాష్ట్రాలకు ప్రోత్సాహకం. దశబంధం ఇనాములో ఉన్న ముడి కొత్త రూపంలో మళ్ళీ కనిపిస్తుంది.

తెచ్చిపోసే నీరు

ఎండిన నదికి మరో నది నీటిని తెచ్చి పోయడం ఇంకో మార్గం. శ్రీశైలం నుంచి కృష్ణా నీటిని ఎత్తిపోసే హంద్రీ-నీవా అనంతపురం సీమకు ఆశ కల్పించింది. పావగడకు తాగునీటి కోసం తుంగభద్ర వెనుకజలాలు తేవడానికి పథకం వచ్చింది. ఎగువ భద్ర ప్రాజెక్టు పరిధిలో చిత్రదుర్గ, తుమకూరు, దావణగెరె, చిక్కమగళూరు జిల్లాల 2,25,515 హెక్టార్లు ఉన్నాయి. పావగడ తాలూకా కూడా అందులో ఉంది. 367 చెరువులను కొంతమేర నింపాలన్నది దాని లక్ష్యం. 2023–24 కేంద్ర బడ్జెట్ దీనికి 5,300 కోట్లు ప్రకటించింది. తుంగభద్ర దిగువ ఆయకట్టు ఎండుతుందని ఆంధ్రప్రదేశ్ అభ్యంతరం చెప్పింది. 1892 నాటి ప్రశ్న మరో నది మీద, మరో పేరుతో మళ్ళీ లేచింది.

ఫ్లోరైడు నీళ్ళు తాగిన తరాలకు శుభ్రమైన తాగునీరు అత్యవసరం; దానికి దూరం నుంచి నీరు తేవడం న్యాయమే. కానీ దానిని నదీ పునరుద్ధరణ లెక్కలో కలపకూడదు. దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో 2005లో తిరిగి తెరిచిన చొంగ్యెచొన్ వాగు అందంగా పారుతుంది. అందులో పారేది ఎక్కువగా హాన్ నది నుంచి పంపులతో తెచ్చిన నీరు. పంపు ఆగితే వాగు ఆగుతుంది. చెరువు నిండిందా అన్న ప్రశ్నకు తోడు, ఎవరి నీటితో నిండిందన్న ప్రశ్న కూడా మదింపులో ఉండాలి. 2022 మార్చిలో కేంద్ర పర్యావరణ శాఖ అడవుల పెంపకం ద్వారా 13 నదులను పునరుద్ధరించే ప్రణాళికలు విడుదల చేసింది. గోదావరి, కృష్ణ, కావేరి అందులో ఉన్నాయి, పెన్న లేదు. ఎక్కువ కరువు చూసిన నది జాబితాకు బయటే నిలిచింది.

తిరుమణి నేడు

తిరుమణి, బాలసముద్ర, వళ్ళూరు, క్యాతగానచెర్లు, రాయచెర్లు ఊళ్ళ భూముల్లో ఇప్పుడు శక్తిస్థల సౌరపార్కు ఉంది. 2018 మార్చి 1న ప్రారంభమై 2019 చివరికి పూర్తయిన ఈ పార్కు సుమారు 13,000 ఎకరాలు, 2,050 మెగావాట్లు. రైతులు భూమి అమ్మలేదు, కౌలుకిచ్చారు. మొదట ఎకరాకు ఏటా 21,000 రూపాయలు, రెండేళ్ళకోసారి 5 శాతం పెంపు. వాన నమ్మి వేరుశనగ వేసి నష్టపోయిన వారికి ఇది నిలకడైన రాబడి. భూమి లేని కూలీలకు ఆ నిలకడ దక్కలేదు, పశువుల మేతబీళ్ళు తగ్గాయి.

నీటి లెక్కలో కూడా ఇది పెద్ద మార్పు. దున్నిన చేను వానను పీల్చుకునే తీరు వేరు, పలకల కింద చదును చేసిన నేల వానను వదిలే తీరు వేరు. బోర్ల కింద సాగయిన చోట తోడకం ఆగుతుంది. పలకలు కడగడానికి నీరు కావాలి. వంకల దారులు, కుంటలు, గట్లు కంచెల లోపలికి వెళ్ళాయి. వంకకు వచ్చే నీరు పెరిగిందా, తగ్గిందా, వరదలా దూకి పోతోందా, ఊటలా నిలుస్తోందా అన్నది ఊహతో చెప్పేది కాదు, కొలిచి చెప్పవలసినది.

ఇంతటి అనుభవం నుంచి ఈ సీమకు తగిన మదింపు ఎలా ఉండాలో తేలుతుంది. మొదటిది, పనికి ముందు కనీసం కొన్నేళ్ళ స్థితి నమోదు కావాలి: వంక ఏ నెల దాకా పారింది, బావిమట్టం ఎంత, ఇసుక లోతు ఎంత, ఫ్లోరైడు ఎంత. రెండోది, వానను లెక్కలోంచి విడదీయాలి. 2021 నవంబరులో పెన్నా పరీవాహకం వరదలతో నిండింది. అటువంటి ఏడు చూసి పథకం గెలిచిందనీ, కరువు ఏడు చూసి ఓడిందనీ చెప్పడం రెండూ తప్పే. పథకం లేని పక్క వంకతో పోల్చినప్పుడే నిజం బయటపడుతుంది. మూడోది, ఎగువన మిగిలినది ఎంతో, దిగువన తగ్గినది ఎంతో ఒకే పద్దులో రాయాలి. నాలుగోది, ఇంకిన నీటితో పాటు తోడిన నీరు కూడా లెక్కకు రావాలి. కర్ణాటకలో 2011 నాటి భూగర్భజల చట్టం, ఆంధ్రప్రదేశ్‌లో 2002 నాటి వాల్టా చట్టం ఇందుకు అధికారం ఇచ్చాయి. ఐదోది, కాలం. కట్టడం పూర్తయిన రోజున తీసిన ఫొటో మదింపు కాదు. ఐదేళ్ళకు, పదేళ్ళకు పూడిక ఎంత చేరింది, తూము పనిచేస్తోందా, సంఘం బతికి ఉందా అన్నవి చూడాలి. ఆరోది, లాభం ఎవరికి చేరిందన్న లెక్క: బోరున్న రైతుకా, చెరువు కింది చిన్న రైతుకా, గొర్రెల కాపరికా, బిందె పట్టుకుని నిలబడిన ఇల్లాలికా.

వీటన్నిటికీ అడ్డుపడేది శాఖల విభజన. కర్ణాటకలో 40 హెక్టార్లు మించిన ఆయకట్టున్న చెరువులు చిన్న నీటిపారుదల శాఖవి, అంతకన్నా చిన్నవి జిల్లా పంచాయతీలవి, పైనున్న గుట్ట అటవీ శాఖది, నడుమ వంక పోరంబోకు రెవెన్యూ శాఖది. ఆపైన రాష్ట్రాల సరిహద్దు. నీరుగంటి ఉన్న రోజుల్లో ఒక మనిషి చూపులో ఇమిడిన నీటి దారి ఇప్పుడు నాలుగు ఫైళ్ళలో ఉంది. 2011లో కర్ణాటక మూల్యాంకన ప్రాధికారం ఏర్పడి, పథకాలను అమలు చేసే శాఖకు బయట నుంచి పరిశీలించే వీలు కల్పించింది. ఆ పరిశీలన సరిహద్దు దగ్గర ఆగిపోతే పెన్న విషయంలో సగం లెక్కే తేలుతుంది. నాగలమడికె దగ్గరి మట్టం, పేరూరు జలాశయానికి చేరిన నీరు, ఎగువ గౌరిబిదనూరు చెరువుల నిల్వ, తిరుమణి వంకల పారకం ఒకే పుస్తకంలో, రెండు రాష్ట్రాల రైతులకూ తెరిచి చూపగలిగేలా ఉండాలి. 1369 నాటి శాసనం సరిహద్దును చెరువు దోషాల్లో లెక్కించింది. చెరువును సరిహద్దు నుంచి జరపలేరు. లెక్కలను మాత్రం సరిహద్దు దాటించవచ్చు.